చుట్టం ముందే బయల్దేరాడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. చలికి వెలిగించిన సోబా పొయ్యి పక్కన, కాళ్ళు దాదాపు దానికి ఆనించి, నానమ్మ ఫిద్దా. వంటింట్లో ఎండు పెరుగుండల్ని నీళ్ళలో వేసి పిసుకుతూ అమ్మ ఇబ్తిసాం. పొరుగిళ్ళ నుంచి అడిగి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీల్ని గోడవారగా వేసి, నచ్చక మళ్ళీ తీసి, ఇంకో వరసలో వేస్తూ నాన్న ఖలఫ్. లోపలి గదిలో అద్దం ముందు నౌఫా అత్త. కిటికీ దగ్గర, ఎవరి కాళ్ళకీ అడ్డం రాకుండా, కూతురు సుజూద్. రేడియోని కూడా మనిషిగా లెక్కేసుకుంటే ఆరుగురు. లెక్కేసుకోవచ్చు కూడా, పొద్దుటి నుంచి అందరికంటే ఎక్కువ మాట్లాడింది అదే.

దక్షిణాన కొండల మీద చలి, వాన అంటోంది రేడియో. మంచు పడితే గిడితే బాగా ఎత్తున ఉన్న శిఖరాల మీదేనట, అదీ చీకటి పడ్డాకేనట. షౌబక్ చుట్టుపక్కల ఊళ్ళకి, అంటే తమకి, భయం లేదట. ఆ మాట వినబడ్డప్పుడల్లా లోపలి గదిలోంచి నౌఫా అత్త "అల్‌హందులిల్లా" అనేది. అన్న ప్రతిసారీ గొంతులో కాస్త ఎక్కువ నమ్మకం వినిపించేది.

ఆ సాయంత్రం అసర్ నమాజు తర్వాత తఫీలా నుంచి పెద్దమనుషులు వస్తున్నారు, తమ పశువుల డాక్టరు తైసీర్‌కి నౌఫాని ఇమ్మని అడగడానికి. నిజానికి వాళ్ళు శీతాకాలం మొదట్లోనే రావలసిన వాళ్ళు. అప్పుడు ఇదే రేడియో ఇళ్ళు మునిగేంత మంచు పడుతుందని ఊదరగొట్టింది. బళ్ళు మూశారు, రొట్టెల కొట్టు ముందు జనం తోసుకున్నారు, పెద్దమనుషులు ప్రయాణం మానుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే కళ్ళు చెదిరే ఎండ. ఆ ఎండలో బట్టలారేసుకుంటూ పక్కింటి ఆడవాళ్ళు, మీ చుట్టాలు మంచులో కూరుకుపోయారా నౌఫా అని అడిగారు. నౌఫా నవ్వింది, లోపలికి వచ్చి తలగడకి ముఖం ఆనించుకుంది. ఆ తర్వాత అటువైపు ఒకరికి జబ్బు, ఇటువైపు ఒకరి చావు, అలా రోజులు జరిగిపోయాయి. ఇంకోసారి వాయిదా పడితే వాళ్ళిక రారని అత్త మనసులో ఖాయం చేసుకుంది. పైకి ఎవరితోనూ అనలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే పొద్దున్నే సుజూద్ చేసిన పని తెలివితక్కువ పని.

పెరట్లో బాదం చెట్టుకి ఆమె ఒక థర్మామీటరు కట్టుకుంది. నిద్ర లేవగానే దాన్ని చూడడం ఆమె అలవాటు. ఆ పొద్దున వెళ్ళి చూస్తే ఎండెక్కుతున్నా పాదరసం ఎక్కడం లేదు, దిగుతోంది. మబ్బులు వాయవ్యం నుంచి, తఫీలా మీదుగా వస్తున్నాయి. కానీ కింద, నేలబారున వీచే గాలి మాత్రం తూర్పున ఎడారి వైపు నుంచి వస్తోంది. పొడిగా, చెవుల్ని కోసేస్తూ, ఆపిల్ తోటల మధ్య నుంచి పిల్లిలా జారుకుంటూ ఊళ్ళోకి వచ్చేసింది. సోబా గొట్టంలోంచి వచ్చిన పొగ పైకి పోకుండా ఇంటి కప్పు మీదే పడుకుంది. పైన తడి, కింద పొడి చలి. ఇలాంటప్పుడు వాన నేల దాకా వానగా రాదు, దారిలోనే చల్లబడి తెల్లబడిపోతుంది. ఇది సుజూద్ పోయిన రెండు శీతాకాలాలుగా ఈ కిటికీలోంచే చూసి నేర్చుకుంది.

అది పసిగట్టిన సంతోషంలో పరిగెత్తుకెళ్ళి, "అత్తా, మంచు పడేలా ఉంది," అనేసింది.

ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు పిల్లల్ని తమ వరసతోనే పిలుస్తారు. నానమ్మ మనవరాల్ని "నానమ్మా" అంటుంది, నాన్న కూతుర్ని "నాన్నా" అంటాడు. సుజూద్ పుట్టిన దగ్గర్నుంచీ నౌఫా ఆమెని "అత్తా" అనే పిలిచింది తప్ప పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. ఆ పొద్దున దువ్వెన కింద పెట్టి, అద్దంలోంచే చూస్తూ అంది:

"సుజూద్, ఈ పూట ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకు."

అరవలేదు. అరిచినా బాగుండేది. సుజూద్ కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది. అమ్మ ఆమె ఒళ్ళో వేడినీళ్ళలో నానిన బాదం గింజల గిన్నె పెట్టి పొట్టు తియ్యమంది.

సుజూద్ ఇంట్లోనే పెద్దగా మాట్లాడదు, బడిలో అసలే మాట్లాడదు. ఆమె మాటలన్నీ ఫోన్లో ఒక గుంపుతోనే. మంచుని ఆ దేశంలో ముద్దుగా తెల్ల చుట్టం అంటారు, ఆ గుంపు పేరు కూడా అదే. అందులో ఉన్నవాళ్ళందరికీ మబ్బు పిచ్చి. తఫీలా నుంచి ఒకతను తన పేరు డేగ అని పెట్టుకున్నాడు. రషాదియా గుట్ట మీద సిమెంటు లారీ నడిపే ఒకాయన రోజంతా రోడ్డు ఫోటోలు పెడుతూ ఉంటాడు. సుజూద్ పేరు అక్కడ "కిటికీ". ఆ కిటికీ వెనక ఉన్నది బడికెళ్ళే ఆడపిల్ల అని ఎవరికీ తెలియదు. వాళ్ళకి రేడియో అంటే కోపం, ప్రేమ రెండూ ఉన్నాయి. వార్తలు చదివేవాడి గదికి కిటికీ లేదని ఒకరంటే, ఉంది గానీ వాడు కర్టెన్ తియ్యడని ఇంకొకరు. అలాగని వీళ్ళేమీ తక్కువ తినలేదు. పోయినసారి మునిగిపోతామని రేడియో అన్నప్పుడు వీళ్ళు దానికంటే గట్టిగా అరిచారు. కొందరైతే సిగరెట్ పొగ కనబడ్డా మంచు మబ్బే అంటారు.

ఆ పొద్దున గుంపులో అంతా ఒకటే వాదన. శిఖరాల మీదేనని రేడియో అంటోందని కొందరు, తూర్పు గాలి సంగతి రేడియోకి తెలియదని కొందరు. సుజూద్ తన చెట్టు దగ్గరి చలి ఎంతో రాసింది. దానికి డేగ గొంతు రికార్డు చేసి జవాబు పంపాడు. చేతులు బాదం పొట్టుతో తడిగా ఉండడంతో సుజూద్ మోచేత్తో మీట నొక్కింది. గొంతు గదంతా మోగింది.

"చుట్టం అసర్ దాకా ఆగడు. అప్పుడే బయల్దేరాడు. ముసలాడు మెల్లగా నడుస్తాడు గానీ, మధ్యాహ్నం జొహర్ దాటేసరికి మీ ఇంట్లో ఉంటాడు చూసుకోండి."

నెత్తిన మూడు కుర్చీలతో గుమ్మంలోకి వచ్చిన నాన్న అక్కడే ఆగిపోయాడు.

"ఎవరది?"

"తఫీలా అతను," అంది సుజూద్.

"చుట్టం బయల్దేరాడన్నాడా?"

అది ఆ చుట్టం కాదు నాన్నా అని చెప్పాలి. చెప్పాలంటే ఏ చుట్టమో చెప్పాలి. ఆ మాటేమో ఈ పూట ఈ ఇంట్లో ఎత్తకూడదు, లోపలి గది తలుపు తెరిచే ఉంది. సుజూద్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేలోగా నాన్న కుర్చీలు దించేసి ఫోను తీశాడు. తైసీర్ వాళ్ళ పెద్దనాన్న అబూ ఘాలిబ్‌కి చేశాడు. మీరు బయల్దేరారని తెలిసింది, ఎంత తొందరగా వస్తే మా ఇల్లు అంత వెలుగు, మీకోసమే చూస్తున్నాం అని ఒక్క ఊపిరిలో చెప్పాడు.

అవతల అబూ ఘాలిబ్ చెప్పులు కూడా లేకుండా, రెండో టీ చేతిలో పట్టుకుని ఉన్నాడని తర్వాత తెలిసింది. కానీ ఆడపిల్ల వైపు వాళ్ళు మీకోసమే చూస్తున్నాం అంటుంటే, మేమింకా కదల్లేదని చెప్పే పెద్దమనిషి ఆ జిల్లాలో లేడు. ఆయన వెంటనే, "దారిలోనే ఉన్నాం ఖలఫ్, దారిలోనే," అన్నాడు.

ఇక ఇంట్లో గగ్గోలు. పెరుగుండలు కరగలేదు, మాంసం ఇంకా కుండలో పడలేదు, నేనేం చెయ్యను, రాళ్ళు వడ్డించనా అని అమ్మ. వచ్చేవాళ్ళని వద్దంటామా అని నాన్న. ఏమైందో సగం వినబడి, ఎవరు పోయారని నానమ్మ. ఇంత గోలలో లోపలి గదిలోంచి నౌఫా అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక కంటికి కాటుక ఉంది, రెండోదానికి లేదు.

"ముందే వస్తున్నారా? వాళ్ళంతట వాళ్ళే?" అంది.

అలా అన్నప్పుడు ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగుని సుజూద్ చూసింది. తలగడకి ముఖం ఆనించుకున్న మనిషి ఈమేనా అనిపించింది. వాళ్ళంతట వాళ్ళే, ఆగలేక వస్తున్నారు. అత్త ఆ మాటని లోపలికి తీసుకెళ్ళి అద్దంతో కూడా చెప్పుకుంటున్నట్టుంది.

సుజూద్ బాదం గిన్నె పక్కన పెట్టింది. ఇప్పుడు నిజం చెబితే ఆ వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే, మంచు పడకపోతే, వండని ఇంటికి పెద్దమనుషుల్ని పిలిచి పరువు తీసిన దానవుతుంది. నాన్న మళ్ళీ ఫోన్ చేసి ఇప్పుడే రావద్దంటే, వాళ్ళు అనుకున్న వేళకి బయల్దేరి దారిలో రషాదియా గుట్ట మీద మంచులో చిక్కుకుంటారు. ఎటు చూసినా అత్త పెళ్ళే. ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తా, వాళ్ళు వాళ్ళంతట వాళ్ళు బయల్దేరలేదు. నాన్న ఫోన్ చేశాకే లేచి ఉంటారు."

నౌఫా కాటుక పుల్ల చేతిలో పట్టుకుని చూసింది.

"మరి తఫీలా అతనెవరో చెప్పాడుగా, చుట్టం బయల్దేరాడని?"

"ఆ చుట్టం వేరు," అంది సుజూద్. "నువ్వు ఎత్తొద్దన్న చుట్టం."

నౌఫాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మంచం అంచున కూర్చుంది. తిడుతుందేమోనని సుజూద్ ఎదురుచూసింది. బయట పెరట్లో రేకుల షెడ్డు మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.

"మీ నాన్నకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు." కాటుక పుల్లని వేళ్ళ మధ్య తిప్పింది. "నిజంగా వస్తుందా?"

"వస్తుంది."

"పోయినసారి కూడా వస్తుందన్నావు."

"పోయినసారి గాలి తూర్పు నుంచి లేదు."

నౌఫా లేచి కిటికీ తెరిచి, తల బయటికి పెట్టి చూసింది. వాన, మామూలు వాన. ఇన్ని వారాలుగా మంచు పేరెత్తితే చెవులు మూసుకున్న మనిషి, ఆ తర్వాత క్షణానికోసారి ఏదో ఒక వంకతో కిటికీయో తలుపో తీసి చూడడం మొదలుపెట్టింది. బట్ట దులపాలని ఒకసారి, గాలి ఆడడం లేదని ఒకసారి. సోబా వేడంతా పోతోంది, ఎవరే ఆ తలుపు అని నానమ్మ ప్రతిసారీ గొణిగింది. చూసి వచ్చినప్పుడల్లా నౌఫా సుజూద్ వైపు చూసేది, సుజూద్ ఇంకా లేదన్నట్టు తల ఊపేది. మధ్యలో రేడియో శిఖరాల మీదే అని మళ్ళీ అంది. నౌఫా ఈసారి దేవుడికి కృతజ్ఞత చెప్పలేదు, దాని గొంతు తగ్గించింది.

జొహర్ నమాజు అయిన కాసేపటికే పెద్దమనుషులు మూడు కార్లలో వచ్చారు. తడిసిన కోట్లు దులుపుకుంటూ, సలాములు చెప్పుకుంటూ కుర్చీల్లో సర్దుకున్నారు. తైసీర్ అందరికంటే చివర, తలుపు పక్క కుర్చీలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. నాన్న కాఫీ పోసి మొదటి గిన్నె అబూ ఘాలిబ్‌కి ఇచ్చాడు. ఆయన తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టాడు. అడిగింది ఇచ్చేదాకా ఆ గిన్నె ముట్టరు, అది అందరికీ తెలిసిందే. గొంతు సవరించుకుని అసలు మాటలోకి రావాలి. కానీ ఆయనకి ముందు ఒక చతురు ఆడకుండా ఏ పనీ మొదలుపెట్టే అలవాటు లేదు.

"ఏం ఖలఫ్, పొద్దున్నే ఫోన్ చేసి మరీ రప్పించావు," అన్నాడు నవ్వుతూ. "పిల్ల మీకంత బరువైపోయిందా?"

కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వారు. వంటింటి తలుపు వెనక నౌఫా నవ్వలేదు. పక్కన నిలబడ్డ సుజూద్ మణికట్టు పట్టుకుంది.

నాన్న మెడ బిగుసుకుంది. "నేను రప్పించడమేంటి? మీరు బయల్దేరారని తెలిసే కదా ఫోన్ చేసింది."

"మేం బయల్దేరామని ఎవరన్నారు?"

"మీ తఫీలా మనిషే అన్నాడు."

"ఏ మనిషి?"

నవ్విన ఇద్దరూ నవ్వు ఆపేశారు. ఎవరు ఎవర్ని తొందర పెట్టారన్నది అలాంటి గదిలో చిన్న సంగతి కాదు. అబద్ధమాడి పిలిపించారని అటువైపు అనుకుంటే, మా పిల్లని వెక్కిరించారని ఇటువైపు అనుకుంటే, ఆ కాఫీ అలాగే చల్లారిపోతుంది. అబూ ఘాలిబ్ చూపు ఒకసారి గుమ్మం వైపు వెళ్ళింది.

సుజూద్ అత్త పట్టు నుంచి మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఆ తలుపు తోసి, అంతమంది మగవాళ్ళ మధ్య నిలబడడం ఆమె కలలో కూడా చేసే పని కాదు. అయినా గది మధ్యకి వచ్చేసింది.

"తాతా, చుట్టం వస్తున్నాడని అన్నది మీ గురించి కాదు," అంది. గొంతు సగమే వచ్చింది. మిగతా సగం కోసం ఊపిరి తీసుకుంది. "మంచు గురించి. నాన్న పొరబడ్డాడు. నేను చెప్పలేకపోయాను."

అందరూ ఆమెనే చూశారు. కూతురి గొంతు ఇంతమందిలో ఎప్పుడూ వినని నాన్న కూడా. నానమ్మ పక్కనున్న రేడియో, గొంతు తగ్గించినా, శిఖరాల మీదే అని ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా చెప్పింది.

అబూ ఘాలిబ్ రేడియోని చూశాడు, పిల్లని చూశాడు. "వినపడిందా అమ్మాయ్, ఆయన లేదంటున్నాడు. అదీగాక ఇప్పుడు వాన కూడా ఆగిపోయింది."

నిజమే. ఇందాకటి నుంచి షెడ్డు రేకుల మీద మోగుతున్న చప్పుడు ఎప్పుడు పోయిందో పోయింది. సుజూద్ తల ఒకవైపుకి వంచి వింది.

"ఆగలేదు," అంది. "చప్పుడే ఆగింది."

తలుపు పక్కనున్న తైసీర్ లేచి తలుపు తీశాడు.

పెరడు అప్పటికే సగం తెల్లగా ఉంది. పెద్ద పెద్ద మంచు రేకలు, తొందరేమీ లేనట్టు, గాలిలో అటూ ఇటూ చూసుకుంటూ దిగుతున్నాయి. బాదం కొమ్మ మీద, బయట మిగిలిపోయిన ఒక కుర్చీ మీద, మూడు కార్ల మీద. సుజూద్ చేతిలో ఫోను వణికింది. లారీ ఆయన రషాదియా గుట్ట ఫోటో పెట్టాడు. రోడ్డేదో పొలమేదో తెలియడం లేదు, అడ్డంగా ఒక పోలీసు బండి ఉంది. ఆమె దాన్ని అబూ ఘాలిబ్‌కి చూపించింది. ఆయన ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. అనుకున్న వేళకి బయల్దేరి ఉంటే తామెక్కడ ఉండేవాళ్ళో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, గడ్డం నిమురుకున్నాడు.

"అయితే ఖలఫ్, మీరూ పిలవలేదు, మేమూ తొందరపడలేదు. మనిద్దరికంటే పెద్దవాడు, తెల్లగడ్డం వాడు, ముందు నడిచి మమ్మల్ని తీసుకొచ్చాడు. ఆయన్ని కాదనే ధైర్యం నాకు లేదు. మా తైసీర్‌కి మీ నౌఫాని ఇవ్వమని ఆయన తరఫునే అడుగుతున్నా. ఇందాక నేనన్న మాటని ఆ తలుపు వెనకున్న అమ్మాయి మన్నించాలి."

నాన్న మెడ మెత్తబడింది. "మీ కాఫీ తాగండి," అన్నాడు.

అబూ ఘాలిబ్ గిన్నె ఎత్తి తాగాడు. చల్లారిపోయిందని మాత్రం అన్నాడు. వంటింట్లో అమ్మ దిక్కులు పగిలేలా సంతోషపు కేక పెట్టింది. ఈసారి ఎవరు పోయారని నానమ్మ అడిగింది.

ఆ తర్వాత అన్నం ఆలస్యంగానే వచ్చింది. పెరుగు పులుసు సరిగ్గా మరగలేదని అమ్మ ఇప్పటికీ అంటుంది గానీ పళ్ళేల్లో ఏమీ మిగల్లేదు. ఈ రాత్రికి ఇంతమందికి దుప్పట్లు ఎక్కడివని అమ్మ లెక్కలు మొదలుపెట్టింది. మగవాళ్ళు కిటికీల దగ్గర చేరి, చిన్నప్పుడు తాము చూసిన మంచు ఇంతకంటే ఎక్కువని పోటీలు పడ్డారు. అబూ ఘాలిబ్ రెండుసార్లు సుజూద్‌ని పిలిచి, రేపు ఎలా ఉంటుందని అడిగాడు. రెండోసారి ఆమె జవాబు చెప్పడానికి నేల చూడలేదు.

వెలుగుండగానే ఆమె బయటికి వచ్చింది. గుంపులో అందరూ ఎంత పడింది, ఎంత పడింది అని ప్రాణం తీస్తున్నారు. కొలవడానికి అమ్మని పెద్ద పళ్ళెం అడిగితే గరిటె చూపించింది. అందుకని బయట మిగిలిపోయిన ప్లాస్టిక్ కుర్చీయే కొలబద్దయింది. దాని మీద మంచు చదునుగా, ఎవరూ ముట్టకుండా, పెద్దమనిషిలా కూర్చుని ఉంది. సుజూద్ బడి స్కేలు నిలువుగా గుచ్చింది.

వెనక తలుపు కిర్రుమంది. సందులోంచి నౌఫా ముఖం. ఇప్పుడు రెండు కళ్ళకీ కాటుక ఉంది.

"ఎంత?"

"నాలుగు వేళ్ళు దాటింది. ఇంకా పడుతోంది."

"రోడ్డు?"

"రేపటిదాకా తెరవరట. ఎల్లుండి కూడా అనుమానమేనంటున్నారు."

నౌఫా వెనక్కి తిరిగి గదిలోకి ఒకసారి చూసింది. లోపల తలుపు పక్క కుర్చీలో తైసీర్ నానమ్మకి తన పేరు మూడోసారి చెబుతున్నాడు. నౌఫా తల మీది ముసుగు అంచుని నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మేకుకి వేలాడుతున్న నాన్న గొర్రెతోలు కోటు తీసి, సందులోంచి సుజూద్ మీదకి విసిరింది. లోపల్నుంచి నానమ్మ, ఎవరే ఆ తలుపు, వేడంతా పోతోంది అని అరిచింది.

"మళ్ళీ కొలువు అత్తా," అంది నౌఫా. "నిదానంగా కొలువు." అని తలుపు వేసేసింది.